అరణ్యవాసికి నక్షత్రజ్ఞానం

శబరీ తీరాన ఉన్న సుక్మా అరణ్యసీమలో ధ్రువతార ఉత్తర దిక్కున సుమారు 18 డిగ్రీల ఎత్తున నిలుస్తుంది. తక్కిన తారలు దాని చుట్టూ తిరుగుతున్నట్లు తోస్తాయి. మే నెల నడుమ ఒకసారి, జూలై చివర మరొకసారి మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చి, నిలువు గుంజ నీడను మాయం చేస్తాడు. చంద్రుడు తారల నడుమ రోజుకు సుమారు 13 డిగ్రీలు తూర్పుకు జరిగి, 27 రోజులు దాటగానే బయలుదేరిన తారను తిరిగి చేరుకొంటాడు. గోండులు సప్తర్షి మండలంలోని నాలుగు తారలను మంచంగానూ, తక్కిన మూడింటిని దొంగలుగానూ గుర్తించారు.

దొంగల ప్రస్తావన వినయపిటకంలోనూ ఉన్నది. దొంగలు అడవిలోని భిక్షువులను సమీపించి, నేడు చంద్రుడు ఏ నక్షత్రంతో కూడి ఉన్నాడని, ఇది ఏ దిక్కని అడిగారనీ, చెప్పలేక వారు దెబ్బలు తిన్నారనీ చుల్లవగ్గం తెలుపుతుంది. అప్పుడు భగవానుడు అరణ్యవాసులైన భిక్షువులు నక్షత్రాలనూ దిక్కులనూ నేర్చుకొనవలెనని విధించాడు. ఆ తథాగతుడే గ్రహణాలకూ గ్రహగతులకూ ఫలం చెప్పి బ్రతకడాన్ని బ్రహ్మజాల సుత్తంలో హీనవిద్యగా గర్హించాడు.

పడవలో పోయేవానికి ఒడ్డు వెనుకకు కదిలినట్లే, తిరిగే భూమిపై ఉన్న మనకు తారలు పడమటికి పోతున్నట్లు తోస్తుందని క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు వివరించాడు. కదిలేది మన నేలే అయినప్పుడు తారలకు మన పెండ్లిండ్లతో పని ఏమిటి? ధమ్మదీక్ష పొందిన ఇండ్లలోనూ నేటికీ తారాబలం చూచి ముహూర్తం పెట్టుకొంటున్నాం. ఆ భయాన్ని విడిచి, ఈ పౌర్ణమి ఉపోసథం నాడు మన పిల్లలకు ధ్రువతారను చూపి దిక్కులు నేర్పుదాం.