కాంక్రీటులో ఇనుము, ఇనుముకు తుప్పు

1824లో ఇంగ్లండులో ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు పనులు జరిగాయి. లీడ్స్ పట్టణపు తాపీ మేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ తాను తయారు చేసిన కృత్రిమ సిమెంటుకు పోర్ట్‌లాండ్ అనే పేరుతో పేటెంటు పొందాడు. ఓడల అడుగున తాపడం చేసిన రాగి రేకులను సముద్రపు నీరు తినేయకుండా వాటికి జింకు ముక్కనో ఇనుప ముక్కనో జతచేస్తే, రాగికి బదులు ఆ ముక్కే కరిగిపోతుందని హంఫ్రీ డేవీ లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. డేవీ చూపిన ఈ విద్యుద్రసాయన సూత్రం సిమెంటు కాంక్రీటులోని ఉక్కును కాపాడడానికి ఒక వంతెన తలంపై తొలిసారి పనికి వచ్చింది 1973లో, కాలిఫోర్నియాలో. రోగం ఉందని ఒప్పుకొంటే తప్ప మందు వెతికే అవసరం రాదు. కాంక్రీటులో పూడ్చిన ఇనుము తుప్పు పట్టదన్న నమ్మకం ఆ ఒప్పుకోలును చాలాకాలం వాయిదా వేసింది.

ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు పుట్టే సున్నం కాంక్రీటులోని తేమకు గాఢమైన క్షారగుణాన్ని ఇస్తుంది. ఆమ్ల క్షారాలను కొలిచే పీహెచ్ మానంలో అది 12.5కు పైనే ఉంటుంది. అంతటి క్షారంలో ఉక్కు ఉపరితలంపై కంటికి కనబడనంత పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, లోపలి లోహానికి కవచంగా నిలుస్తుంది. 1867లో ఇనుప తీగల వలపై సిమెంటు పూసి పూలతొట్లు చేసే పద్ధతికి పేటెంటు పొందిన పారిస్ తోటమాలి జోసెఫ్ మోనియేకు గానీ, 1892 పేటెంటుతో దూలాన్నీ స్తంభాన్నీ స్లాబునూ ఏకఖండంగా పోసే పద్ధతిని అనేక దేశాలకు వ్యాపింపజేసిన ఫ్రాన్స్వా ఎన్బిక్‌కు గానీ ఈ రసాయనశాస్త్రం ఇంత వివరంగా తెలియదు. పగలగొట్టి చూసినప్పుడు ఇనుము నిగనిగలాడుతూ కనిపించడమే వారి తరానికి చాలినంత సాక్ష్యమైంది.

భారతదేశంలో మేడకప్పు వేసే పాత పద్ధతుల్లో ఉక్కు ఊచకు చోటు లేదు. మద్రాసు టెర్రస్‌లో టేకు దూలాల మీద ఇటుకలను అంచుమీద నిలబెట్టి సున్నంతో కూర్చేవారు. బ్రిటిష్ కాలపు జాక్ ఆర్చి కప్పులో ఇనుప గడ్డర్ల మధ్య చిన్న చిన్న ఇటుక కమానులు కట్టేవారు. గడ్డరు తుప్పు పడితే దాని అడుగుభాగం కంటికి కనిపించేది, దానికి రంగు వేయడమో మార్చడమో ఇంటివారి చేతిలో ఉండేది. 1904లో మద్రాసులో సిమెంటు తయారీకి జరిగిన తొలి ప్రయత్నం నిలదొక్కుకోలేదు. 1914లో పోర్‌బందర్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టాక స్వదేశీ సిమెంటు అందుబాటులోకి రాసాగింది. గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో 1920లో ఏర్పడిన బొంబాయి అభివృద్ధి శాఖ, మిల్లు కార్మికుల కోసం వర్లీ, నయీగావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో కాంక్రీటు గదుల చాళ్లను వరుసలుగా కట్టింది. వేగం, పొదుపు ప్రధానంగా లేచిన ఆ 207 భవనాలను సముద్రపు గాలి ఏళ్ల తరబడి పరీక్షించింది. పెచ్చులూడిన సజ్జలు, బయటపడిన ఊచలు అక్కడి నివాసులకు నిత్యదృశ్యాలయ్యాయి.

అదే సముద్రతీరపు గాలిలో మరో రకం నిర్మాణం కూడా సాధ్యమేనని పుదుచ్చేరిలోని గోల్కొండ వసతిగృహం చూపుతుంది. అరవిందాశ్రమం కోసం ఆంటొనిన్ రేమండ్ రూపకల్పన చేయగా, జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్ పర్యవేక్షణలో 1930ల చివర మొదలైన ఈ కట్టడానికి, దివాను అక్బర్ హైదరీ చొరవతో హైదరాబాదు నిజాము ప్రభుత్వం నుంచి విరాళం అందింది. గోల్కొండ అన్న పేరు అలా వచ్చిందే. గోడలపై గిలాబా లేకుండా కాంక్రీటునే బయటికి వదిలేసిన ఆ భవనంలో ఆశ్రమవాసులే చాలావరకు కూలీలై, తొందర లేకుండా పనిచేశారు. అది నేటికీ వాడుకలో ఉండడానికి ఆ నింపాదితనం, ఆపై సాగిన నిత్య సంరక్షణ కూడా కారణాలని చెప్పవచ్చు.

కాంక్రీటు కల్పించే కవచం రెండు విధాలుగా పోతుందని తరువాతి పరిశోధన తేల్చింది. మొదటిది, గాలిలోని కార్బన్ డయాక్సైడు సూక్ష్మరంధ్రాల గుండా లోనికి చేరి, సున్నాన్ని సుద్దగా మార్చి, పీహెచ్‌ను 9 కంటే దిగువకు తెచ్చే కార్బనీకరణం. రెండోది, సముద్రపు గాలితోనో, ఉప్పునీటితోనో, సరిగా కడగని సముద్రపు ఇసుకతోనో వచ్చే క్లోరైడు. ఇది క్షారగుణం తగ్గకముందే ఆక్సైడు పొరను అక్కడక్కడ ఛేదించి, ఊచలో లోతైన గుంటలు చేస్తుంది. తుప్పు, అది పుట్టిన ఇనుముకు రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది గనుక, లోపలినుంచి కలిగే ఒత్తిడికి ఊచ పొడవునా బీట పడుతుంది. గోధుమరంగు మరక కారుతుంది. సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. చివరకు పెచ్చు ఊడుతుంది. గుంటలు పడే తుప్పులో మాత్రం ఈ హెచ్చరికలు కనిపించకముందే ఊచ సన్నబడిపోవచ్చు.

కంటికి కనిపించే ఈ గుర్తులు మేస్త్రీలకు తెలిసినవే గానీ, వాటి వెనుక కారణం ఆలస్యంగా అర్థమైంది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో అమెరికాలో అనుమానం ట్రాం లైన్లనుంచి భూమిలోకి జారే విద్యుత్తు మీదికి పోయింది. ఆ దేశపు ప్రమాణాల సంస్థ 1913లో ప్రచురించిన అధ్యయనం, కాంక్రీటులో ఉప్పు కలిసినప్పుడు ఆ ముప్పు బాగా పెరుగుతుందని గమనించింది. అయినా కాంక్రీటు త్వరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడు కలిపే అలవాటు దశాబ్దాలు కొనసాగింది. బ్రిటన్ దాన్ని ఊచలున్న కాంక్రీటులో నిషేధించింది 1977లోనే. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంపై 1929లో తెరిచిన సాన్ మాటియో–హేవర్డ్ వంతెన ఉప్పుగాలికి దెబ్బతిన్నప్పుడు, 1950లలో ఇంజనీరు రిచర్డ్ స్ట్రాట్‌ఫుల్ కాంక్రీటు పగలగొట్టకుండానే ఊచ స్థితిని అంచనా వేసే పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఒక రాగి–రాగి సల్ఫేటు ఎలక్ట్రోడును కాంక్రీటుపై ఆనించి, ఊచకూ దానికీ మధ్య వోల్టేజిని కొలిచే ఈ పరీక్షలో మైనస్ 350 మిల్లీవోల్టులకన్నా ఎక్కువ రుణ విలువ వస్తే, తుప్పు నడుస్తూ ఉండే అవకాశం 90 శాతానికి మించి ఉంటుందని భావిస్తారు. కార్బనీకరణం లోతు తెలియడానికి, తాజాగా పగలగొట్టిన కాంక్రీటుపై ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే చాలు. క్షారం మిగిలిన చోట గులాబీరంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు.

స్వాతంత్ర్యం తరువాత భారతదేశంలో కట్టడాలు పెరిగిన కాలమే సిమెంటు కొరత కాలం కూడా. 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా నియంత్రణ తొలగేవరకు సిమెంటు పర్మిట్లపై దొరికేది. దానికి తోడు, చల్లని స్థితిలో మెలితిప్పి బలం పెంచిన టార్ ఊచలు మామూలు మెత్తని ఉక్కుకంటే త్వరగా తుప్పుకు లొంగుతాయన్న వాదం ఇంజనీర్లలో వినిపించింది. గోవాలో 1970ల ఆరంభంలో వాడుకలోకి వచ్చిన తొలి మాండవి వంతెన 1986 జులై 5న కూలిపోవడం ఈ సమస్యను బహిరంగపరిచింది; కాంక్రీటును ముందుగానే బిగించి పట్టే ఉక్కు తీగలను తుప్పు తినేయడమే ఆ కూలుడుకు కారణంగా చెబుతారు.

ఈ గుణపాఠాలు స్పష్టంగా కనబడే చోటు కవరు, అంటే ఊచకూ కాంక్రీటు వెలుపలి తలానికీ మధ్య ఉండే మందం. కార్బనీకరణం కాలపు వర్గమూలానికి అనుపాతంలో లోపలికి చొచ్చుకుపోతుంది గనుక, కాంక్రీటు అదే అయినప్పుడు, కవరు రెట్టింపైతే ఊచను చేరే వ్యవధి దాదాపు నాలుగు రెట్లవుతుంది. 1978 నాటి భారత ప్రమాణం, ఐఎస్ 456, స్లాబుకు కనీసం 15 మిల్లీమీటర్ల కవరు చెప్పింది. 2000 నాటి సవరణ పరిసరాల తీవ్రతను ఐదు మెట్లుగా విభజించి, తీరప్రాంతపు గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటుకు 45 మిల్లీమీటర్లు నిర్దేశించింది. విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో అంతకుముందు లేచిన ఇళ్లు, పాత కొలతలతో కట్టినవైతే, వాటికి ఈ రక్షణ లేనట్టే.

మరమ్మతు చరిత్ర కూడా ఇలాంటి ఆలస్యాలతోనే నిండి ఉంది. చికాగో మ్యూజియంలో జంతు నమూనాలు తయారు చేసే కార్ల్ ఏక్లీ 1911లో పేటెంటు పొందిన సిమెంటు గన్ను, గాలి ఒత్తిడితో మోర్టారును గోడపై చిమ్మే పద్ధతికి దారి తీసింది. గనైటింగ్ పేరుతో అది భారతదేశంలోనూ ప్రధాన సాధనమైంది. కానీ ఊడిన పెచ్చు స్థానంలో కొత్త మోర్టారు నింపినంతమాత్రాన పని పూర్తికాదని తేలింది. తుప్పు పట్టే చోటు పక్కనున్న ఊచ భాగాన్ని విద్యుద్రసాయనపరంగా కాపాడుతూ ఉంటుంది. దెబ్బతిన్న చోటును మాత్రమే బాగుచేస్తే ఆ రక్షణ తొలగి, క్లోరైడు మిగిలిన పాత కాంక్రీటులో, అతుకు అంచున కొత్త తుప్పు మొదలవుతుంది. అందుకే నేటి పద్ధతిలో ముందు ఊతకర్రలు పెట్టి, ఊచ వెనుక వరకు కాంక్రీటు చెక్కి, తుప్పును మెరిసేదాకా తీసి, బాగా సన్నబడిన చోట కొత్త ఊచ జతచేసి, పూత పూసి, పాలిమర్ మోర్టారుతో మూస్తారు. క్లోరైడు ఎక్కువున్న చోట అతుకులోనే జింకు ముక్కలు అమరుస్తారు. డేవీ ఓడ కోసం చెప్పిన సూత్రమే ఇక్కడ స్లాబు లోపల పనిచేస్తుంది. 1948లో కారైక్కుడిలో శంకుస్థాపన జరిగిన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ, ఊచలకు సిమెంటు ఆధారిత పూతలను రూపొందించి, ఈ విద్యలో దేశీయ పరిష్కారాలకు తోడ్పడింది.

ముంబయి పురపాలక చట్టంలో 2009లో చేరిన 353బి సెక్షన్, 30 ఏళ్లు దాటిన భవనాలకు నిర్మాణ తనిఖీని తప్పనిసరి చేసింది. పెచ్చు ఊడేదాకా ఆగకుండా కాంక్రీటును వయసును బట్టి పరీక్షించాలన్న ఈ నియమం, కాంక్రీటు ఇనుమును శాశ్వతంగా కాపాడుతుందన్న పాత నమ్మకానికి చట్టం ఇచ్చిన జవాబు. బీట కనిపించాక చేసే మరమ్మతులో ఊచ అప్పటికే కోల్పోయిన మందం తిరిగి రాదు. అంతకుముందే చేసే తనిఖీలో మాత్రమే ఆ మందం మిగులుతుంది. అయితే చట్టం ఆదేశించేది భవనం ఉన్నదున్నట్టుగా చూడడాన్నే. స్లాబు పోసే రోజున ఊచల కింద కవరు బ్లాకు పెట్టారా, ఇసుక ఎక్కడినుంచి తెచ్చారు అన్న ప్రశ్నలకు జవాబు ఇప్పటికీ పనిచోటునే తేలాలి.