ధూమకేతు దర్శనం: శాస్త్రం, గణితం, గృహస్థుని మేడ

2024 అక్టోబరు 12 విజయదశమి. సూర్యుణ్ణి ప్రదక్షిణించి వెనుదిరిగిన త్సూచిన్‌షాన్‌–అట్లస్ అనే ధూమకేతువు భూమికి అత్యంత సమీపంగా వచ్చినదీ ఆ రోజే. సమీపమంటే సుమారు 7 కోట్ల కిలోమీటర్లు. అంతకుముందు సెప్టెంబరు చివరి దినాలలో ఉషఃకాలంలో తూర్పున ఉన్న ఆ జ్యోతి, దసరా వెళ్ళిన తరువాత సాయంసంధ్యలో పశ్చిమాకాశానికి మారింది.

అటువంటి వేళ సికిందరాబాదులోని మారేడ్‌పల్లి వంటి పాత నివాస ప్రాంతంలో మేడ ఎక్కి పడమటి దిక్కు చూచే ఆస్తిక గృహస్థునికి రెండు సందేహాలు కలగడం సహజం. ఈ దీపాల నగరం నుండి అది కంటికి కనబడుతుందా? కనబడినా, దానిని చూడవచ్చునా, చూస్తే దోషమా? మొదటిది ఆకాశానికి సంబంధించిన ప్రశ్న, రెండవది శాస్త్రానికి సంబంధించినది. రెండింటికీ సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఈ జంటనగరాలకూ ఒక స్థానం ఉంది.

నామ విచారణ

సంస్కృతంలో కేతువు అంటే ధ్వజం, చిహ్నం. ధూమమే ధ్వజంగా కలవాడు ధూమకేతువు. ఈ నామం మొదట అగ్నికి చెల్లుతుంది. పొగను చూచి నిప్పును గుర్తించడం తార్కికులకు అనుమాన ప్రమాణానికి ప్రసిద్ధమైన ఉదాహరణ కదా. ఆకాశంలో పొగవంటి శిఖతో కనబడే జ్యోతికీ అదే పేరు వచ్చింది. దానినే శిఖి అని కూడా అన్నారు. తెలుగువారు తోకచుక్క అన్నారు.

ఇక్కడ ఒక భ్రాంతిని తొలగించుకోవాలి. నవగ్రహాలలోని కేతువు వేరు, ధూమకేతువు వేరు. నవగ్రహ కేతువు చంద్రమార్గం సూర్యమార్గాన్ని ఖండించే ఒక బిందువు. అది ఛాయాగ్రహం, కంటికి కనబడదు, దాని స్థానం పంచాంగ గణితంతో తెలుస్తుంది. ధూమకేతువు కంటికి కనబడేది. పేరు ఒకటైనంత మాత్రాన కేతుదోషాన్ని తోకచుక్కకు అంటగట్టడం తగదు.

ఈ నామం కేవలం అశుభ సూచకం కాదనడానికి ప్రతి ఇంటిలోనూ నిత్యం వినిపించే ప్రమాణం ఒకటుంది. పూజారంభంలో పఠించే విఘ్నేశ్వరుని షోడశ నామాలలో ధూమకేతు నామం ఉంది. విద్యారంభంలో, వివాహంలో, ప్రయాణంలో విఘ్నం కలగకుండుటకు స్మరించే నామాలవి. మరొకవైపు భీష్మపర్వంలో వ్యాసమహర్షి ధృతరాష్ట్రునికి చెప్పిన ఉత్పాతాలలో పుష్యమీ నక్షత్రాన్ని ఆక్రమించిన ఘోర ధూమకేతువు ఉంది. జయదేవుడు కల్కి చేతి ఖడ్గాన్ని ధూమకేతువుతో పోల్చాడు. కనుక సంప్రదాయంలో ఈ నామానికి రౌద్రమూ ఉంది, మంగళమూ ఉంది. ఒక్క రౌద్రాన్నే పట్టుకొని భయపడడం సంప్రదాయాన్ని సగమే చదవడం అవుతుంది.

వరాహమిహిరుని నిజాయితీ

సామాన్యశకం ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతుచారమనే అధ్యాయాన్ని రచించాడు. గర్గ, పరాశర, అసిత, దేవలాది పూర్వాచార్యుల మతాలను పరిశీలించి చెబుతున్నానని ఆరంభించిన ఆయన, వెంటనే ఒక పరిమితిని అంగీకరించాడు. కేతువుల ఉదయాస్తమయాలను గణిత విధానంతో తెలుసుకోవడం శక్యం కాదన్నాడు. గ్రహణాన్ని, గ్రహగతులను లెక్కించి చెప్పగల సిద్ధాంతకర్త అన్న మాట ఇది. పంచసిద్ధాంతికను కూర్చిన మహాగణకుడు ఒక విషయం తన గణితానికి అందదని వ్రాసి ఉంచడం చిన్న సంగతి కాదు. తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య హద్దు గీయడం జిజ్ఞాసువుకు ఉండవలసిన ప్రథమ లక్షణం.

ఆ అధ్యాయంలో రాజులకు, దేశాలకు కలిగే ఫలితాలు విస్తారంగా ఉన్నాయి. ఆ మాటను దాచనక్కర లేదు. అయితే అన్నీ అరిష్టాలే కావు. చిన్నదై, సన్ననై, స్నిగ్ధమై, తిన్ననై, తెల్లనై, స్వల్పకాలమే కనబడే కేతువు సుభిక్షాన్ని, సౌఖ్యాన్ని ఇస్తుందని అక్కడే ఉంది. చలకేతువు పడమట ఉదయించి, ఉత్తరంగా సాగి, సప్తర్షులను, ధ్రువాన్ని, అభిజిత్తును స్పృశించి మరలుతుందన్న వర్ణన కూడా ఉంది. ఏ దిక్కున ఉదయించింది, శిఖ ఎటు తిరిగింది, ఏ నక్షత్రాన్ని సమీపించింది అని రాత్రుల తరబడి కన్నార్పక చూచినవారు మాత్రమే ఇటువంటి వర్ణనలు చేయగలరు. చూడడం దోషమైతే ఆ శాస్త్రమే పుట్టి ఉండేది కాదు.

ఒక్కటే అయినది, అనేకంగా కనబడినది

కేతువులు ఎన్ని అన్న విషయంలో పూర్వులకు మతభేదం ఉంది. నూటొక్కటి అని కొందరు, వేయి అని కొందరు అన్నారు. నారదుడు మాత్రం కేతువు ఒక్కటే, అదే బహురూపాలతో కనబడుతుందన్నాడని వరాహమిహిరుడు నమోదు చేశాడు.

ఆంగ్ల ఖగోళవేత్త ఎడ్మండ్ హేలీ 1705లో ప్రకటించిన సిద్ధాంతం చదివినప్పుడు ఈ మతం గుర్తుకు రాక మానదు. 1531లో, 1607లో, 1682లో కనబడినవి మూడు వేర్వేరు ధూమకేతువులు కావని, సుమారు 75, 76 సంవత్సరాలకొకసారి మరలివచ్చే ఒకే కేతువని ఆయన గణించాడు. 1758లో మళ్ళీ వస్తుందన్నాడు. అయితే నారదుని మతమే హేలీ గణితమని ఎగిరి గంతు వేయరాదు. కేతువులన్నీ ఒక్కటేనన్నది నారద మతం. వాటిలో కొన్ని దర్శనాలు ఒకే కేతువువన్నది హేలీ నిర్ణయం. ఒకటి దృష్టి, రెండవది గణన. పూర్వుల గౌరవం నిలవడానికి వారు అనని మాటలను వారికి ఆపాదించనక్కర లేదు. వరాహమిహిరుడు గీచిన హద్దు పన్నెండు శతాబ్దాల తరువాత మరొక దేశంలో జరిగింది. హద్దును గుర్తించినవాడూ, దానిని దాటినవాడూ ఇద్దరూ వందనీయులే.

హేలీ 1742లో గతించాడు. ఆయన చెప్పిన కేతువును 1758 డిసెంబరు 25 రాత్రి మొదట దర్శించినది ఏ రాజాస్థాన జ్యోతిర్విదుడూ కాదు. జర్మనీలోని డ్రెస్డెన్ సమీపాన నివసించిన పాలిచ్ అనే వ్యవసాయదారుడు. పారిస్‌లో మెస్సియే వంటి నిపుణులు వెదుకుతూ ఉండగానే అది ఒక గృహస్థుని కంటబడింది. ధూమకేతు చరిత్రలో ఇంటి నుండి చూచినవారికి ఎప్పుడూ స్థానముంది.

1910: భయమూ, ధ్వజమూ

అదే హేలీ కేతువు 1910లో మరలివచ్చింది. మే 18, 19 తేదీల ప్రాంతంలో భూమి దాని పుచ్ఛం గుండా సాగిపోతుందని, ఆ పుచ్ఛంలో విషవాయువు ఉందని వార్తలు వ్యాపించాయి. పాశ్చాత్య నగరాలలో తోకచుక్క విషానికి విరుగుడు మాత్రలు కూడా అమ్ముడుపోయాయి. భయం ప్రాచ్యుల సొత్తు మాత్రమే కాదన్నమాట. ఆ మే 6న ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి మరణించగా దానిని కేతువుతో ముడిపెట్టినవారున్నారు. మన శాస్త్రకారులు కాకతాళీయ న్యాయమన్నది ఇటువంటి చోటనే. కాకి వాలింది, తాటిపండు పడింది. రెండూ ఒకే క్షణాన జరిగినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. పుచ్ఛంలోని పదార్థం అతి విరళం. భూమికి ఏ హానీ జరగలేదు.

ఆ సంవత్సరమే గురజాడ అప్పారావు ముత్యాల సరములు ఆంధ్రభారతిలో వెలువడ్డాయి. అందులో తోకచుక్క అమంగళ చిహ్నం కాదు, సంఘం సంస్కారం వైపు చేసే ప్రయాణానికి పతాక. కవి కొత్త ఊహ చేశాడని అనిపిస్తుంది. కాని కేతు శబ్దానికి ధ్వజమన్న మూలార్థాన్ని తలచుకుంటే, ఆయన చేసినది విస్మృతమైన అర్థాన్ని తిరిగి వెలికితీయడమే.

నిజామియా వేధశాల, వేణు బప్పు

హైదరాబాదులో ఆధునిక ఖగోళ పరిశీలన కూడా ఒక గృహస్థుని అభిరుచితోనే ఆరంభమైంది. నవాబు జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పాడు. ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు మార్చింది. నిజామియా వేధశాల అదే. ప్రపంచ దేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకొని ఛాయాచిత్రాలతో నక్షత్ర సూచిక తయారు చేసిన మహాయజ్ఞంలో ఈ వేధశాల ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పాలనలోకి వచ్చింది. మారేడ్‌పల్లికి ఆ స్థలం కొద్ది కిలోమీటర్ల దూరమే.

ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు వేణు బప్పు. 1927లో జన్మించిన ఆయనకు తండ్రి వెంట నక్షత్రాలను చూడడం బాల్యంలోనే అబ్బింది. నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1949 జులైలో అక్కడ తీసిన ఒక ఛాయాచిత్ర ఫలకాన్ని పరిశీలిస్తూ, నక్షత్రాల నడుమ అంతకుముందు ఎవరూ నమోదు చేయని ఒక మసక గీతను గుర్తించాడు. అది ఒక కొత్త ధూమకేతువు. సహచరులైన బార్ట్ బాక్, గోర్డన్ న్యూకిర్క్ పేర్లతో కలిసి దానికి బప్పు–బాక్–న్యూకిర్క్ అన్న పేరు వచ్చింది. దీనికి ఆయన డోన్‌హో పతకం అందుకున్నాడు. తరువాత స్వదేశానికి తిరిగివచ్చి కావలూరు వేధశాలను తీర్చిదిద్దాడు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1982లో దివంగతుడయ్యాడు. ఒకనాడు జనం చూడడానికే జంకిన వస్తువుకు ఈ నగరంలో పెరిగిన బాలుని పేరే స్థిరపడింది.

మేడ మీద: స్థూలారుంధతీ న్యాయం

ఇక మొదటి సందేహం. నగరంలో ధూమకేతువు ఎందుకు కనబడదు? నక్షత్రం బిందువు. దాని కాంతి అంతా ఒకేచోట కేంద్రీకృతమై ఉంటుంది. ధూమకేతువు విస్తరించిన మసక. దాని కాంతి విశాల ప్రదేశంలో పరచుకొని ఉంటుంది. అందువల్ల లెక్కలో సమానమైన ప్రకాశం ఉన్నా, నక్షత్రం కనబడుతుంది, కేతువు వీధిదీపాల వెలుగులో కరిగిపోతుంది. పైగా అది సూర్యునికి దగ్గరైనప్పుడే ప్రకాశిస్తుంది. సూర్యతాపానికి దానిలోని మంచు ఆవిరై, ధూళిని వెంటబెట్టుకొని, సూర్యునికి విముఖంగా పుచ్ఛమై సాగుతుంది. కనుక సంధ్యాకాంతిలో, దిఙ్మండలానికి సమీపంలోనే వెదకవలసి వస్తుంది. అక్కడే బహుళ అంతస్తుల భవనాలు, ధూళి, మబ్బు అడ్డుపడతాయి.

దీనికి ఉపాయం వేదాంత బోధలోనే ఉంది. సూక్ష్మమైన అరుంధతిని చూపడానికి ముందు దాని ప్రక్కనున్న స్థూల నక్షత్రాన్ని చూపి, దృష్టి కుదిరిన తరువాత అసలు అరుంధతి వద్దకు నడిపిస్తారు. 2024 అక్టోబరు మధ్యలో అనుసరించదగిన పద్ధతి అదే. పడమట ముందుగా దేదీప్యమానుడైన శుక్రుణ్ణి చూడాలి. తరువాత కుడివైపు స్వాతీ నక్షత్రాన్ని గుర్తించాలి. ఆ రెంటి నడుమ ప్రదేశంలో మసకను వెదకాలి. 2020 జులైలో నియోవైజ్ ధూమకేతువు వచ్చినప్పుడు స్థూల లక్ష్యం సాక్షాత్తు సప్తర్షి మండలమే. నవదంపతులకు అరుంధతిని చూపే ఆ మండలం క్రిందనే వాయవ్యదిశలో అది నిలిచింది. ఆషాఢ బహుళం కావడంతో సాయంకాలాన చంద్రకాంతి బాధ లేదు. వర్షాకాలపు మబ్బులే అడ్డు.

మరికొన్ని నియమాలున్నాయి. సూర్యాస్తమయమైన ముప్పావు గంటకు మేడ ఎక్కాలి. మేడ మీది దీపాలు ఆర్పి, చరవాణి తెర మూసి, కనీసం ఒక పావుగంట కన్నులను చీకటికి అలవాటు పడనివ్వాలి. సామాన్యమైన బైనాక్యులర్లు ఉంటే చాలు. కాని సూర్యుడు పూర్తిగా అస్తమించక ముందు వాటిని అటు త్రిప్పరాదు, అది కంటికి మహాప్రమాదం. మసక వస్తువును సూటిగా కాక, దాని ప్రక్కకు చూస్తూ గమనిస్తే మరింత స్పష్టమవుతుంది. పౌర్ణమి దగ్గరైతే ఆశ తగ్గించుకోవాలి. ఒక సాయంకాలం కనబడకపోతే మరునాడు మళ్ళీ ఎక్కాలి. నియమం, ఏకాగ్రత, ప్రతీక్ష అనేవి సాధకునికి కొత్త కావు.

భయానికి నివృత్తి

రజ్జుసర్ప దృష్టాంతంలో మసక వెలుతురులో త్రాడు పామై భయపెడుతుంది. దీపం తెచ్చి చూచినప్పుడు భయం పోతుంది. శాంతికర్మలతో ఆ పాము పోదు, యథార్థ దర్శనంతోనే పోతుంది. ధూమకేతువు విషయంలో మాత్రం దీపం ఆర్పితేనే దర్శనం కలుగుతుంది. రెండుచోట్లా భయానికి నివృత్తి ఒక్కటే: ముఖం త్రిప్పుకోకుండా ఉన్నదాన్ని ఉన్నట్లు చూడడం.

మారేడ్‌పల్లి అన్న పేరులోనే మారేడు ఉంది, శివునికి ప్రీతికరమైన బిల్వం ఉంది. చంద్రుణ్ణి శిరసున, అగ్నిని నేత్రాన ధరించిన ఆ స్వామి సృష్టిలో ధూమధ్వజమైన జ్యోతి ఒకటి సాయంసంధ్యలో తొంగిచూస్తే, దానికి వెరవవలసిన పని లేదు. హేలీ కేతువు మళ్ళీ వచ్చేది 2061లో. నేటి బాలబాలికలు దానిని చూడగలరు. ఈలోగా మరికొన్ని కేతువులు వస్తాయి. అప్పుడు ఇంటి పెద్దలు తలుపులు వేసుకోకుండా, విఘ్నేశ్వరుని ధూమకేతు నామాన్ని స్మరించి, పిల్లలను వెంటబెట్టుకొని మేడ ఎక్కితే, వరాహమిహిరుని కాలం నుండి వస్తున్న ఆకాశ పరిశీలన సంప్రదాయంలో ఆ ఇల్లూ చేరుతుంది.

శుభం భూయాత్.