ఆయుధ నిక్షేపము: జమ్మికొమ్మ మొదలు ఇనుపబీరువా వరకు

ఆశ్వయుజమాసమున ఇంద్రకీలాద్రిపై దసరా ఉత్సవములు జరుగు దినములలో బెజవాడ యందును, చుట్టుపట్ల డెల్టా గ్రామముల యందును ఆయుధపూజ జరుగుట పరిపాటి. రైతు నాగలిని, వడ్రంగి ఉలిని, లారీ నడుపువాడు తన బండిని పసుపుకుంకుమలతో పూజించును. లైసెన్సు గల తుపాకి యున్న ఇంట అదియు పీఠ మెక్కును. పూజ ముగిసిన పిమ్మట ఆ తుపాకి ఎచటికి పోవును? దాని తాళము ఎవరి చేతిలో నుండును? ఈ ప్రశ్నలు సామాన్యములుగా తోచును. కాని మన దేశమున ఆయుధముల చరిత్ర వ్రాసినవారు యుద్ధములను గూర్చియు, నిషేధములను గూర్చియు వ్రాసినంతగా, ఆయుధమును దాచుటను గూర్చి వ్రాయలేదు. ఈ వ్యాసమున నేను పరిశీలింపదలచినది ఆ విషయమే.

మన వాఙ్మయమున ఆయుధ నిక్షేపమునకు ప్రసిద్ధోదాహరణము విరాటపర్వము. అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు తమ ఆయుధములను మత్స్యనగరపు పొలిమేరలోని శ్మశానము చెంత నున్న జమ్మిచెట్టుపై నుంచిరి. తిక్కన సోమయాజి తెనిగించిన ఈ ఘట్టమును మనము కథగానే చదువుచుందుము. దీనిని రక్షణోపాయముగా చదివినచో మూడంశములు స్ఫుటముగా కనబడును. మొదటిది స్థలము: నగరమునకు దూరము గాక, జనము చేరుటకు జంకు చోటు. రెండవది మరుగు: శవము వ్రేలుచున్నదను భ్రాంతి కలిగించి దారినపోవువాని కన్నును, చేతిని దూరముగా నుంచుట. మూడవది మిక్కిలి గమనింపదగినది. ఆయుధములను తనకును, అర్జునునకును దక్క చూపవలదనియు, భీమునకు మాత్రము అసలే చూపవలదనియు ధర్మరాజు దేవతలను ప్రార్థించెను. భీముడు పరాయివాడు కాడు, తోడబుట్టినవాడు. ఆ గదకు స్వామియు అతడే. అయినను కోపి యగుటచే అతనికి అందకుండ చేయుట అన్నగారి బాధ్యత యయ్యెను. ఆయుధమునకు భయము దొంగవలన మాత్రమే గాక, ఇంటివాని ఆవేశమువలనను కలదని కవి ఎరుగును.

కావ్యమునుండి శాస్త్రమునకు వచ్చినచో కౌటిల్యుని అర్థశాస్త్రము ముందు నిలుచును. 1909లో శామశాస్త్రిగారు ప్రకటించిన ఈ గ్రంథపు రెండవ అధికరణమున, పదునెనిమిదవ అధ్యాయము ఆయుధాగారాధ్యక్షుని గూర్చినది. ఆయుధములను తరచుగా చోటు మార్చవలె ననియు, ఎండకు గాలికి పెట్టవలె ననియు, వేడిమిచేత, తేమచేత, పురుగులచేత చెడుదానిని వేరుచేసి ఉంచవలె ననియు అందు విధింపబడినది. ప్రతి ఆయుధమునకు జాతి, రూపము, లక్షణము, పరిమాణము, వచ్చిన చోటు, వెల, ఉంచిన తావు తెలిసియుండవలెను. అయిదవ అధికరణమున మూడవ అధ్యాయము మరియొక మెట్టు పైకి పోవును. రాజముద్ర గల ఆయుధములను ఆయుధాగారమున చేర్చవలెను. అనుమతి లేనివారు ఆయుధము లేకయే తిరుగవలెను. పోయినను పాడైనను పోగొట్టినవాడు రెండింతలు చెల్లింపవలెను. ఈ చివరి నియమము సారవంతమైనది. ఒక వస్తువు పోయినచో దాని వెల చెల్లించుట న్యాయము; ఇచట రెండింత లనుటచే, ఆయుధము పోవుట సామాన్యవస్తువు పోవుట వంటిది కాదను తలంపు శాస్త్రకారునకు కలదని ఊహింపవచ్చును. పోయిన ధాన్యము దొంగ కడుపు నింపును. పోయిన కత్తి మరియొకని ప్రాణము తీయవచ్చును.

కృష్ణాతీరమున ఈ నియమములు ఎంతవరకు ఆచరింపబడెనో చెప్పుట సులభము కాదు. ఆయుధాగారము చేతులు మారుట యనగా ఏమో మాత్రము మచిలీపట్టణము చక్కగా చూపును. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి వశమున నున్న బందరుకోటను ముట్టడించి, ఒక రాత్రి దాడిచే పట్టుకొనెను. కోటకు ఒకవైపున నున్న చిత్తడినేల దాటరానిదని నమ్మిక. ఆ దిక్కునుండియు ఒక దళము కదలి లోపలివారి దృష్టిని చీల్చెను. తెల్లవారునప్పటికి కోటలోని ఫిరంగులు, యుద్ధసామగ్రి ఆంగ్లేయుల పాలయ్యెను. నిలువచేసిన ఆయుధము కాపాడినంతకాలమే తనది, కాపుదల తప్పిన క్షణమున ఎదిరిది. కాపుదల తప్పుటయు సాధారణముగా ఎవ్వరును రారని తలచిన దిక్కుననే జరుగును.

1802లో శాశ్వత పరిష్కారము వచ్చిన పిదప ఉత్తర సర్కారులలో జమీందారుల సైనికప్రాముఖ్యము క్రమముగా క్షీణించెను. కోటలోని ఆయుధశాల స్థానమున ఇంటిలోని తుపాకి వచ్చెను. ఆనకట్ట నిర్మాణము 1855లో పూర్తియైన తరువాత డెల్టాలో పంటయు, ధనమును పెరిగెను. వానితోపాటు దొంగభయమును పెరుగుట సహజమే. మండువా లోగిళ్ళలో ధనము భోషాణమున, ధాన్యము గాదెలో, పత్రములు పెట్టెలో నుండెడివి. తుపాకి మాత్రము పెద్దరికమునకు చిహ్నముగా వచ్చినవారికి కనబడునట్లు చావడిగోడకు వ్రేలాడుట కద్దు. అనగా పాండవులు దాచినదానిని మనము ప్రదర్శించితిమి. ఇంట తుపాకి కలదని ఊరివారికి తెలియుట కొంత రక్షణ యని యజమాని భావన. అది ఎచట నున్నదో తెలియుట దొంగకు ఆహ్వాన మను సంగతి ఆ భావనలో మరుగుపడెను.

1878లో లిట్టన్ ప్రభువు పాలనమున ఆయుధ చట్టము వచ్చెను. దేశభాషాపత్రికల నోరు నొక్కిన చట్టమును ఆ సంవత్సరముననే వచ్చెను. భారతీయుడు ఆయుధము నుంచుకొనుటకు లైసెన్సు పొందవలెను; ఐరోపీయులకు మినహాయింపు కలదు. ఈ భేదమువలన కలిగిన అవమానమును మన నాయకులు మరువలేదు. 1887లో మదరాసున జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టమును సడలింపవలెనని తీర్మానించెను. 1931లో కరాచీ మహాసభ ప్రాథమిక హక్కుల తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చెను. ఈ వాదప్రతివాదము లన్నియు ఒకే ప్రశ్న చుట్టును తిరిగెను: ఆయుధము ఎవరికి ఉండవచ్చును? ఎట్లు ఉంచవలె నను ప్రశ్న ఉభయపక్షములకు ప్రధానము కాలేదు. ప్రజలను నమ్మని ప్రభుత్వము తన ఠాణాలను మాత్రము పూర్తిగా నమ్మెను.

ఆ నమ్మకము ఎంత బలహీనమో డెల్టాకు ఉత్తరమున నున్న మన్యమున తేలిపోయెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో దాడి చేసెను. మూడు దినములలో 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు వారికి లభించినవి. కొనిపోయినవాని వివరమును ఠాణా పుస్తకముననే వ్రాసి రాజు సంతకము చేసెనని ప్రసిద్ధి. ఈ ఘటనను దేశభక్తి దృష్టితో మనము స్మరింతుము, అది యుక్తమే. మన విషయమునకు సంబంధించినంతవరకు గమనింపవలసిన దేమనగా, ప్రజలను నిరాయుధులను చేసిన ప్రభుత్వమునకు ఎదురుగా పితూరీదారులు పట్టిన తుపాకులు ఆ ప్రభుత్వము దాచుకొన్నవే. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు అధికారులు హతులైరి.

దీనికి ప్రక్కన చిట్టగాంగు ఉదంతమును ఉంచి చూడదగును. 1930 ఏప్రిలు 18న సూర్యసేన్ నాయకత్వమున విప్లవకారులు అచటి ఆయుధాగారములను పట్టుకొనిరి. తుపాకులు చేజిక్కినవి గాని, వానికి తగిన తూటాలు వారికి దొరకలేదు. ఆ లోపము వారి ప్రయత్నమును తొలిదినముననే కుంటుపరచెను. మన్యమున తుపాకియు తూటాయు రెండును దొరకినవి. చిట్టగాంగున రెండవది దొరకలేదు. దాడి చేసినవారి శౌర్యమున భేదము లేదు. భేద మంతయు నిలువ విధానమున కలదు. తుపాకిని, తూటాను వేరువేరు తావుల నుంచవలె నను సూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన చారిత్రక నిదర్శనము నాకు కనబడదు.

1946 మొదలు 1951 వరకు తెలంగాణమున సాగిన సాయుధపోరాటము ఈ సమస్యను డెల్టా గుమ్మమునకు తెచ్చెను. మునగాల పరగణా నిజాము రాజ్యముచే చుట్టబడియున్నను ఆనాడు కృష్ణాజిల్లాలోనిది. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు సరిహద్దులు. పోరాటపు తొలిదశలో గ్రామీణుల చేతిలో కర్రలును, వడిసెలలునే కలవు. పిదప దేశముఖుల గడీలలోని తుపాకులు, రజాకారులనుండి, పోలీసులనుండి పట్టుకొన్నవి దళముల చేతికి వచ్చెను. ప్రజలను భయపెట్టుటకై గడీలో పోగుచేసిన ఆయుధమే గడీని కూల్చుటకు సాధన మయ్యెను. ఇది న్యాయమా అన్యాయమా అను విచారణ వేరు. ఆయుధము కొన్నవాని పక్షమున నిలువదు, పట్టుకొన్నవాని పక్షమున నిలుచును అను సత్యమునకు ఇది మరియొక సాక్ష్యము.

స్వాతంత్ర్యానంతరము 1878 నాటి చట్టము స్థానమున 1959లో క్రొత్త ఆయుధ చట్టము చేయబడి, 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చెను. ఆత్మరక్షణకో వేటకో నున్నని గొట్టపు తుపాకికిని, పైరుకాపుదలకు గొట్టమున మందుదట్టు తుపాకికిని లైసెన్సు నిచ్చు విధమును ఆ చట్టమే పేర్కొన్నది. ఆయుధము పోయినను, దొంగిలింపబడినను వెంటనే సమీపపు పోలీసుఠాణాకు తెలుపుట లైసెన్సు షరతులలో నొకటి. 2016 నాటి ఆయుధ నియమములు ఒక అడుగు ముందుకు వేసి, లైసెన్సు కోరువాడు ఆయుధమును భద్రముగా నిలువచేయుదు నని వ్రాతమూలకముగా హామీ నీయవలె ననెను. 2019 సవరణచే సామాన్యునకు ఉండదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గెను. ఎన్నికల సమయమున లైసెన్సు ఆయుధములను ఠాణాలో జమచేయించు ఆచారమును కలదు. ‘ఎవరికి’ అను ప్రశ్నతో బయలుదేరిన శాసనము నూటముప్పదియెనిమిది సంవత్సరములకు ‘ఎట్లు’ అను ప్రశ్నను చేరినది. తిక్కనయు, కౌటిల్యుడును దానితోనే ఆరంభించిరి. ఇతరదేశములును ఆలస్యముగానే ఈ దారికి వచ్చెను. ఆస్ట్రేలియా 1996లో తుపాకిని, తూటాలను విడివిడిగా తాళమువేసి ఉంచవలెనని నిర్ణయించెను. సైనికుడు తుపాకిని ఇంట నుంచుకొను స్విట్జర్లాండునందు 2007లో తూటాలను ఇండ్లనుండి వెనుకకు తీసికొన నిశ్చయించిరి.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. దొంగలు తలుపు బద్దలుకొట్టుచుండగా, ఇనుపబీరువాలో నున్న తుపాకియు, మరియొక గదిలోని తూటాలును యజమానికి ఏమి ప్రయోజనము? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ఒంటరి లంకగ్రామమున నుండువాని భయము పట్టణవాసికి అర్థము కాదు. దీనికి సమాధానము విరాటపర్వముననే కలదు. గోగ్రహణమునాడు శత్రువు పసులను తోలుకొనిపోవుచుండగా, బృహన్నల ఉత్తరుని జమ్మి నెక్కించి గాండీవమును దింపించెను. ఉత్తరుడు శవమని జంకెను, అనగా మరుగు ఒక సంవత్సరము గడచినను చెడలేదు. అయినను అధికారము గలవానికి ఆయుధము సమయమున అందెను. మంచి నిక్షేపమునకు లక్షణ మిదియే: అర్హునకు అందవలె, అనర్హునకు అందరాదు. ఇంట యజమాని లేని వేళ గోడకు వ్రేలాడు తుపాకి ఈ రెండింటిలో రెండవదానిని తప్పును. ఇల్లు విడిచి ఊరు వెళ్ళువారికే ఈ భయ మెక్కువ, ఏలయన దొంగ కోరునది మనుష్యులు లేని ఇల్లు.

ఈ చర్చవలన తేలిన సారాంశ మిది. ఆయుధరక్షణమున మూడు ప్రశ్నలు కలవు: ఎచట నున్నది, ఎవరికి అందును, పోయినచో ఎవరు జవాబుదారి. మన కావ్యము మొదటి రెండింటిని, శాస్త్రము మూడవదానిని చెప్పెను. వలసపాలన ఈ మూడింటిని విడిచి, హక్కును మాత్రమే కొలిచి, దాని ఫలమును మన్యమున అనుభవించెను. నేటి లైసెన్సుదారు కొని ఉంచుకొన్నది తన సొత్తే యైనను, అది పోయినచో కలుగు నష్టము తనది మాత్రమే కాదు.

పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపము. 2022లో ఎన్.టి.ఆర్., కృష్ణాజిల్లాలుగా విభక్తమైన పాత కృష్ణాజిల్లాలో జమీందారీ దస్తరములు, పాత లైసెన్సు పత్రములు, వృద్ధుల జ్ఞాపకములు ఇంకను కొంత మిగిలియున్నవి. తుపాకి, మందుగుండు, వాని నిలువలను గూర్చి ఇండ్లలో వాడిన మాటలను సేకరించినచో భాషాచరిత్రకును, సాంఘికచరిత్రకును లాభము కలదు. వ్రాతలు చెదలపాలు గాకముందే ఆ పని జరుగవలెను. ఆయుధమునకు వలెనే చరిత్రకును భద్రమైన నిక్షేపము అవసరము.