బ్యాంకు తలుపు తెరవవచ్చునా?

చాలా ఏళ్ళ క్రితం, కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో ఒక సహకార బ్యాంకును తనిఖీ చేయడానికి వెళ్ళిన నలుగురి బృందానికి నేను పెద్దను. పెద్ద అంటే వయసులో కాదు, చివర సంతకం పెట్టవలసిన బాధ్యతలో. ఒకరికి అప్పుల దస్త్రాలు, ఒకరికి నగదూ తాకట్టు బంగారం సంచులూ, మరొకరికి పద్దు పుస్తకాలూ అప్పగించి, సాయంకాలానికి అందరి కాగితాలనూ ఒకచోట చేర్చి పొంతన చూడడం నా పని. మూడవనాడు బయట అరుగు మీద కూర్చున్న ఒక వృద్ధుడు నన్ను ఆపి, "బాబూ, లెక్కలు చూస్తున్నారట గదా! మా డబ్బుకు భయమేమీ లేదు గదా?" అని అడిగాడు.

తనిఖీలో తేలిన విషయం బయట చెప్పరాదు. "మేము పైవాళ్ళకు రాసి పంపుతామండీ, తాతగారూ" అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, మరేమీ అడగలేదు.

అదే ప్రశ్న ఒక దేశం దేశమంతా అడిగిన సందర్భం చరిత్రలో ఉంది. అది 1933 నాటి అమెరికా. దాన్ని గురించి చదివినప్పుడల్లా నాకు ఆ అరుగు గుర్తుకు వస్తుంది.

1930 మొదలు 1933 వరకు ఆ దేశంలో సుమారు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. మార్చి 4న రూజ్‌వెల్టు అధ్యక్షుడయ్యాడు. 6న దేశంలోని బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించాడు. 9న అత్యవసర బ్యాంకింగు చట్టం ఒక్కరోజులోనే ఉభయ సభలనూ దాటి వచ్చింది. ఆ తరువాత అనుమతి పొందిన బ్యాంకు మాత్రమే తలుపు తెరవాలి. రిజర్వు బ్యాంకులున్న 12 నగరాలలో 13న, క్లియరింగు హౌసులున్న నగరాలలో 14న, తక్కినచోట్ల 15న తెరవడం మొదలుకావాలని నిర్ణయించారు.

ఇక్కడే అసలు చిక్కు. ఏది గట్టిదో ఏది కాదో నాలుగైదు రోజులలో ఎవరు తేల్చాలి? జాతీయ బ్యాంకుల తనిఖీ కంప్ట్రోలరు కార్యాలయానిది. సభ్య బ్యాంకుల సంగతి ఆయా ప్రాంతపు ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు తెలుసు. అందులో సభ్యత్వం లేని రాష్ట్ర బ్యాంకుల బాధ్యత రాష్ట్రాల అధికారులది. కొత్తగా తనిఖీ చేసే వ్యవధి లేదు. ఉన్న పాత నివేదికలనే ముందు వేసుకుని, బ్యాంకులను మూడు తరగతులుగా విడదీశారు. వెంటనే తెరవదగినవి మొదటివి, మరమ్మత్తు చేశాక తెరవవలసినవి రెండవవి, ఇక తెరవకూడనివి మూడవవి.

ఆ హడావుడిలో జరిగిన ఒక్క సంగతి చెబుతాను. కాలిఫోర్నియాలో 410 శాఖలతో ఉన్న బ్యాంక్ ఆఫ్ అమెరికాను తెరవడానికి శాన్‌ఫ్రాన్సిస్కో రిజర్వు బ్యాంకు గవర్నరు జాన్ కాల్కిన్స్ సమ్మతించలేదు. వాషింగ్టనులో తాత్కాలిక కంప్ట్రోలరుగా ఉన్న ఆవాల్ట్ లెక్కలు మరొక విధంగా ఉన్నాయి. అప్పుడు ఆర్థికమంత్రి విలియమ్ వుడిన్ కాల్కిన్సుకు ఫోను చేసి, దానిని మూసి ఉంచే బాధ్యత మీరు వహిస్తారా అని అడిగాడు. కాల్కిన్స్ వహించనన్నాడు. అయితే తెరుస్తున్నామన్నాడు వుడిన్. బ్యాంకు తెరుచుకుంది, నిలిచింది కూడా.

తెరవవద్దనడం ఒక అభిప్రాయం. మూసిన తలుపు ముందు తాను నిలబడడం మరొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం ఎంతటిదో తనిఖీ చేసినవారికి తెలుస్తుంది.

రెండవ ఘట్టం ఆ ఏడాది శరత్కాలానిది. జూన్ 16న వచ్చిన చట్టం డిపాజిట్లకు బీమా ఏర్పరచింది. 1934 జనవరి 1 నుంచి ఒక్కొక్క డిపాజిటరుకు 2,500 డాలర్ల వరకు పూచీ. దాని నిర్వహణకు ఎఫ్.డి.ఐ.సి. అనే సంస్థ సెప్టెంబరు 11న ఏర్పడింది, వాల్టర్ కమింగ్స్ తొలి అధ్యక్షుడు. దివాళా తీసిన బ్యాంకుకు బీమా ఇవ్వకూడదు కనుక, ఫెడరల్ రిజర్వులో సభ్యత్వం లేని దాదాపు 8,000 రాష్ట్ర బ్యాంకులను ఏడాది చివరిలోగా పరీక్షించాలి. ఈసారి పాత కాగితాలు చాలవు, మనుషులు వెళ్ళి చూడాలి. సంస్థే పసిబిడ్డ. ఇతర శాఖల సాయం తీసుకుంటూ ఆ బృందాలను నడపవలసివచ్చింది.

నలుగురితో ఒక్క బ్యాంకును చూడడంలోనే తగవులు వస్తాయి. ఒకరికి సందేహాస్పదమైన అప్పు మరొకరికి పూర్తి నష్టం. పంట ధర పడిపోయిన ఏడాది పొలం తనఖాకు ఏ విలువ కట్టాలి? నేటి సంత ధరా, రేపు నిలవగల ధరా? ఇక వేల బ్యాంకులలో వందల మంది ఒకే కొలతతో కొలవాలంటే ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

గడువు దగ్గరపడేసరికి సుమారు 2,000 బ్యాంకులు అర్హతకు తూగవని తేలింది. వాటిని వదిలేస్తే బీమా మొదలైన రోజే మళ్ళీ గగ్గోలు. ప్రభుత్వ రుణ సంస్థ ఆర్.ఎఫ్.సి. అధినేత జెస్సీ జోన్స్ అప్పుడు ఆర్థికశాఖ బాధ్యతలు చూస్తున్న హెన్రీ మోర్గెంథాతో ఒక ఒప్పందానికి వచ్చాడు. వాటిని గట్టివని ధ్రువీకరించండి, ఆరు నెలలలో నేను వాటిని నిజంగానే గట్టివి చేస్తాను అన్నది దాని సారాంశం. ఆర్.ఎఫ్.సి. బ్యాంకులలో ప్రిఫరెన్సు వాటాలు కొంటూ, మొత్తం మీద వంద కోట్ల డాలర్లకు మించిన మూలధనం పోసింది. బీమా మొదలయ్యే నాటికి 13,201 బ్యాంకులు అందులో చేరాయి. 1933లో సుమారు 4,000 బ్యాంకులు చెల్లింపులు ఆపగా, 1934లో కూలిన బీమా బ్యాంకులు కేవలం 9.

కొలతల తగవు తీరడానికి మాత్రం 1938 దాకా ఆగవలసివచ్చింది. ఆ ఏడాది తనిఖీ శాఖలన్నీ కూడబలుక్కుని, అప్పుల వర్గీకరణకు ఒకే పద్ధతి పెట్టుకున్నాయి. మంచి బాండ్లను రోజువారీ సంత ధరతో కొలవడం మానుకున్నాయి.

మొదట చదివినప్పుడు జోన్స్ చేసినది అబద్ధపు సంతకమనే అనుకున్నాను. ఇప్పుడు అంత తేలికగా అనలేను. ఎందుకంటే అటువంటి సంతకం నేనూ ఒకటి పెట్టాను.

ఆ సహకార బ్యాంకు అప్పులలో పెద్ద భాగం కొందరు ధాన్యం వ్యాపారులది. మా బృందంలో అందరికన్నా చిన్నవాడు అది పూర్తిగా నష్టమని రాయాలని పట్టుబట్టాడు. రాబోయే పంటతో కొంత వసూలవుతుందన్న ఆశతో నేను అతని మాట తోసిపుచ్చి, ఒక మెట్టు పైన రాశాను. వసూలు కాలేదు. కొన్నేళ్ళకు ఆ బ్యాంకు లైసెన్సు పోయింది. జోన్స్ తన ఆశ వెనుక మూలధనం పెట్టాడు. నా ఆశ వెనుక సిరా తప్ప ఏమీ లేదు. రెండు సంతకాలకూ ఉన్న తేడా అంతే, అదే సమస్తమూను.

మన దేశంలో పాలై సెంట్రల్ బ్యాంకు 1960లో కూలిన దరిమిలా, 1962 జనవరి 1 నుంచి డిపాజిట్ల బీమా అమలులోకి వచ్చింది. మొదటి పరిమితి 1,500 రూపాయలు. మా సంగతి జరిగేనాటికి అది లక్ష. 2020 నుంచి అయిదు లక్షలు. లక్షలోపు దాచుకున్నవారికి ఆలస్యంగానైనా సొమ్ము ముట్టిందని తరువాత విన్నాను. ఆ తాతగారు ఎంత దాచుకున్నారో, అందుకునేనాటికి ఉన్నారో లేదో, విచారించే ధైర్యం నాకు కలుగలేదు.