అత్త అంటే ఎవరు? – వంశవృక్షంలో కాన్సరు జాడ

తెలుగు పండితుడికి జన్యుశాస్త్రంతో ఏమి పని అని మీరు అడగవచ్చు. పని ఉన్నది. రొమ్ము కాన్సరు, అండాశయ కాన్సరు కొన్ని ఇళ్లలో తరతరాలుగా ఎందుకు వస్తున్నవో కనిపెట్టిన చరిత్ర నెత్తుటి చుక్కతో మొదలు కాలేదు, బంధువుల పట్టికతో మొదలయింది. పట్టిక అన్నాక మాటల పని, మాటల పని అన్నాక మా బోటివాళ్ల పని.

1866లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా కణితుల మీద వ్రాసిన గ్రంథంలో ఒక కుటుంబ వృత్తాంతాన్ని చేర్చాడు. 1788లో రొమ్ము కాన్సరుతో మరణించిన ఒక స్త్రీ మొదలుకొని నాలుగు తరాలు లెక్కించాడు. అందులో పది మంది స్త్రీలు అదే వ్యాధితో పోయారు. పేర్లు దాచి అక్షరాలు మాత్రం వేశాడు. అది ఆయన భార్య పుట్టింటి కథ. మెదడులో వాక్కుకు స్థానమైన భాగానికి పేరుపడ్డ బ్రోకా ఈయనే!

ఆ తరువాత నూరేళ్లకు పైగా గడిచినవి. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు 23 కుటుంబాల వంశవృక్షాలను పరిశీలించి, దోషం పదిహేడవ క్రోమోజోములో ఉన్నదని తేల్చింది. 1994లో ఆ జన్యువు చేతికి చిక్కింది, అదే బి.ఆర్.సి.ఏ.1. మరుసటి ఏడు పదమూడవ క్రోమోజోములో రెండవది దొరికింది. మిరియడ్ అనే కంపెనీ వీటి మీద పేటెంట్లు పుచ్చుకొని పరీక్షను గుత్తకు తీసుకున్నది. ప్రకృతి ఇచ్చిన జన్యువు ఎవరి సొత్తూ కాదని 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా ఆ గుత్త సాగింది.

ఇక మన ఊరి సంగతి. మెహదీ నవాజ్ జంగ్ పేర రెడ్‌హిల్స్‌లో కాన్సరు ఆసుపత్రి 1955లో వెలసింది. రేడియం అన్న మాట దాని పేరులోనే ఉండేది. మా లాల్‌దర్వాజా, షాలిబండ వాసులకు కాన్సరు అంటే మూసీ దాటి అక్కడికి పోవడమే. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జన్యువ్యాధుల ఆసుపత్రి బేగంపేటలో, డి.ఎన్.ఏ. పరీక్షల కేంద్రమైన సి.డి.ఎఫ్.డి. ఉప్పల్‌లో ఉన్నవి. అన్నీ ఏటికి ఆవలి ఒడ్డువే.

ఏ ఒడ్డున కూర్చున్నా జన్యు సలహా చెప్పేవారు మొదట చేసేది ఒకటే. కాగితం మీద స్త్రీకి సున్న, పురుషుడికి చతురస్రం గీసి, మూడు తరాల వివరం అడుగుతారు. ఎవరికి వచ్చింది, ఏ వయస్సులో, ఏ అవయవంలో?

చిక్కు ఇక్కడే. “మా అత్తకు వచ్చిందండీ” అంటుంది తెలుగు ఆడపడుచు. ఏ అత్త? తండ్రి తోబుట్టువు అత్త, మేనమామ భార్య అత్త, భర్త తల్లీ అత్తే. మొదటి ఆమెది మన రక్తం, తక్కిన ఇద్దరిదీ సాధారణంగా కాదు. పిన్ని, పెద్దమ్మ మాటలూ అంతే: తల్లి చెల్లెలూ పిన్నే, పినతండ్రి ఇల్లాలూ పిన్నే. మా వీధిలోని ఉర్దూ ఇళ్లలో ఈ చిక్కు తక్కువ. తండ్రి తోబుట్టువు ఫుప్పీ, మామ భార్య ముమానీ, భర్త తల్లి సాస్, తల్లి తోబుట్టువు ఖాలా, పినతండ్రి భార్య చాచీ. ఏ మాటకు ఆ మాటే. అయితే ఆ ఇళ్లలోనూ దగ్గరి సంబంధాలు చేసుకుంటారు గనుక ఫుప్పీయే సాస్ కావచ్చు.

మనకూ అంతే గదా! మేనత్త కొడుకును చేసుకున్న పిల్లకు అత్తగారు సాక్షాత్తు తండ్రి తోబుట్టువు. మేనమామనే చేసుకుంటే అత్తగారు స్వయానా అమ్మమ్మ. అత్తగారికి రొమ్ము కాన్సరు వస్తే “ఆమె జబ్బు ఆమెది, కోడలికేమిటి” అనుకుంటారు. ఆ కోడలే ముందు పరీక్షకు పోవలసిన మనిషి కావచ్చు.

మేనరికం వల్లనే ఈ కాన్సరు వస్తుందన్న మాటా సరి కాదు. తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో ఒక్క దోషపు ప్రతి అందితే చాలు. ప్రతి బిడ్డకూ అది అందే అవకాశం సగానికి సగం, బొమ్మా బొరుసూ లెక్క. కాకపోతే రక్తసంబంధీకులైన ఆలుమగలు ఇద్దరిలోనూ బి.ఆర్.సి.ఏ.2 దోషం ఉండి, రెండు ప్రతులూ బిడ్డకు చేరితే ఫాంకోనీ రక్తహీనత అనే వేరే వ్యాధి కలుగుతుందని 2002లో తేలింది.

తండ్రి మాట మరీ మరుగున పడుతుంది. ఆడవారి జబ్బు గనుక అమ్మ వైపే అడుగుతారు. దోషం మోసే మగవాడు ఏ జబ్బూ లేకుండానే కూతురికి దానిని ఇచ్చిపోవచ్చు.

రొమ్ము కాన్సరులన్నిటిలో ఇలా వంశంలో వచ్చేవి నూటికి అయిదు నుంచి పది. కాని దోషం ఉన్న వారిలో ఎనభై ఏళ్ల లోపల రొమ్ము కాన్సరు వచ్చేవారు నూటికి డెబ్బై మంది వరకు అని 2017లో వెలువడిన పెద్ద పరిశోధన చెప్పింది. అందులోనివి ఎక్కువగా పాశ్చాత్య కుటుంబాలు. అండాశయ కాన్సరు మొదటి జన్యువుకు నూటికి 44, రెండవ దానికి 17. ముందే తెలిస్తే ఎం.ఆర్.ఐ. పరీక్షలు పెందలాడే మొదలు పెట్టవచ్చు, పిల్లలు కలిగాక అండాశయాలు తీయించుకోవచ్చు.

తెలియనిచ్చేదెవరు? పెండ్లి కావలసిన పిల్ల ఉన్న ఇంట మేనత్త జబ్బు మాట బయటికి పొక్కనివ్వరు. వాళ్ల భయం ఉత్తది కాదు, సంబంధాలు నిజంగానే తప్పిపోతవి. అయితే మొదట పరీక్షించవలసింది పిల్లను కాదు, జబ్బు పడిన పెద్దామెను. ఆమెలో దోషం దొరికితే తక్కిన వారిలో ఆ ఒక్కటి ఉందో లేదో చూస్తే చాలు, లేదని తేలినవారికి ఆ బెంగ తీరినట్టే. ఆమె పోయిన తరువాత ఈ సౌకర్యం ఉండదు.

మన సంప్రదాయంలో ఈ లెక్క పూర్తిగా లేకపోలేదు. మహాలయ పక్షంలో తర్పణాలు విడిచేటప్పుడు తెలుగు అత్త పనికిరాదు. తండ్రి తోబుట్టువు వేరు, తల్లి తోబుట్టువు వేరు, మేనమామ భార్య వేరు, భార్య తల్లి వేరు, ఒక్కొక్కరికీ పేరూ గోత్రమూ చెప్పాలి. అందుకోసం చాలా ఇళ్లలో ఒక కాగితం వ్రాసి దాచుకుంటారు. మా ఇంటి కాగితంలో ప్రతి స్త్రీ పేరు పక్కన ఆమె పోయిన వయస్సు, తెలిసినంతలో జబ్బు పేరు పెన్సిలుతో వ్రాస్తున్నాను. నాలుగు పేర్ల దగ్గర ఇంకా ఖాళీ ఉన్నది. తెలిసినవారు ఒక్కరే మిగిలారు, వచ్చే ఆదివారం వారింటికి వెళ్లాలి.