క్లచ్ తీసేసి ఆటోమేటిక్ చేయించొచ్చా? మాన్యువల్ స్పోర్ట్స్ కారు మార్పిడి: పని, ఖర్చు, చట్టం

సాయంత్రం ఆరున్నరకి ఉప్పల్ రింగ్ రోడ్డు మీద క్లచ్ కారు నడిపినవాళ్ళకి ఈ ప్రశ్న ఎందుకు వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. రామంతాపూర్, నాగోల్, హబ్సిగూడ వైపు నుంచి వచ్చే బండ్లన్నీ అక్కడే కలుస్తాయి. వరంగల్ హైవే మీద నారపల్లి వరకు ఫ్లైఓవర్‌కి 2018లో శంకుస్థాపన చేశారు. ఆ పనులు ఏళ్ళ తరబడి సాగి ఉన్న రోడ్డుని కూడా ఇరుకు చేశాయి. హబ్సిగూడ చౌరస్తా నుంచి నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి దాకా వెళ్ళేసరికి ఎడమ కాలు క్లచ్ మీద ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టడం కష్టం. స్పోర్ట్స్ కార్లలో క్లచ్ మామూలు కారు కంటే గట్టిగా కూడా ఉంటుంది.

మన ఇళ్ళలో ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. కొడుకు ఇష్టపడి సెకండ్ హ్యాండ్‌లో ఒక స్పోర్ట్స్ కారు కొంటాడు. తర్వాత వీసా వచ్చి దుబాయో జెద్దాయో వెళ్ళిపోతాడు. కారు ఇంటి ముందు కవర్ కింద పడి ఉంటుంది. అబ్బాకి మోకాలు ఆపరేషన్ అయింది, క్లచ్ తొక్కలేరు. అమ్మేద్దామంటే ఫోన్‌లో కొడుకు ఒప్పుకోడు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "నాచారంలో షెడ్డుకి ఇస్తే ఆటోమేటిక్ చేసి ఇస్తారు కదా!"

చేయడం సాధ్యమే. కానీ చాలా ఇళ్ళకి నేను వద్దు అనే చెప్తాను. ఒక్క సందర్భం మాత్రం వేరు, అది ఎడమ కాలు పనిచేయని మనిషి కోసం చేసే మార్పు. దానికి చట్టంలోనే దారి ఉంది. ఆ సంగతి చాలామందికి తెలియదు.

లోపల ఏమేం మారాలి

"గేర్‌బాక్స్ మార్చడమే కదా" అనుకుంటే పొరపాటు. మాన్యువల్ కారులో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు ఉంటాయి. మామూలు ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టర్ వస్తుంది. దాని లోపల నూనె తిరుగుతూ శక్తిని ఇంజిన్ నుంచి గేర్లకి అందిస్తుంది. అందుకే సిగ్నల్ దగ్గర గేర్‌లో ఉంచి బ్రేక్ తొక్కినా ఇంజిన్ ఆగిపోదు. ఆటోమేటిక్ కొత్తదేమీ కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం హైడ్రామాటిక్ తెచ్చినప్పటి నుంచి ఆటోమేటిక్ కారు జనంలోకి వచ్చింది.

టార్క్ కన్వర్టర్ పెడితే ఫ్లైవీల్ పోయి దాని బదులు పలచటి డ్రైవ్ ప్లేటు రావాలి. గేర్‌బాక్స్ సైజు, బరువు మారతాయి కాబట్టి దాన్ని మోసే మౌంట్లు మారాలి. చక్రాలకి వెళ్ళే డ్రైవ్ షాఫ్టుల పొడవు సరిపోకపోవచ్చు. ఆటోమేటిక్ నూనె వేడెక్కుతుంది, దాన్ని చల్లబరచడానికి రేడియేటర్ వైపు పైపులు వేయాలి. లోపల క్లచ్ పెడల్ తీసి వెడల్పాటి బ్రేక్ పెడల్ పెట్టాలి. గేర్ రాడ్డు, దాని కేబుల్ కూడా మారాలి. పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్ తప్పనిసరి. ఇది లేకుండా వదిలేసిన బండి డ్రైవ్‌లో ఉండగానే స్టార్ట్ అయి ముందుకి దూకుతుంది. గేటు దగ్గర పిల్లలు ఆడుకునే ఇళ్ళు మనవి.

ఇదంతా ఇనుము పని, మంచి ఫిట్టర్ చేయగలడు. అసలు తలనొప్పి వైరింగ్‌లో ఉంది. ఇప్పటి కార్లలో ఇంజిన్‌కి ఒక కంప్యూటర్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి ఇంకో కంప్యూటర్ ఉంటాయి. గేరు మారే క్షణంలో ఇంజిన్ జోరు కాస్త తగ్గించమని రెండోది మొదటిదాన్ని అడుగుతుంది. ఏబీఎస్, స్పీడోమీటర్, తాళం చెవిలోని ఇమ్మొబిలైజర్ కూడా ఇదే మాటల్లో భాగం. మాన్యువల్ కారులోని కంప్యూటర్‌కి ఆ భాష రాదు. దాన్ని మార్చాలి, లేదా సాఫ్ట్‌వేర్ మళ్ళీ రాయించాలి. అందుకే అనుభవం ఉన్న మెకానిక్ విడి గేర్‌బాక్స్ కొనమనడు. అదే మోడల్, అదే ఇంజిన్ ఉన్న ఆటోమేటిక్ కారు యాక్సిడెంట్ అయినది మొత్తంగా దొరికితేనే చేస్తానంటాడు.

అబార్త్ పుంటో సంగతి

ఒక ఉదాహరణ చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. ఫియట్ 2015 అక్టోబర్‌లో మన దేశంలో అబార్త్ పుంటో తెచ్చింది. 1.4 లీటర్ టర్బో ఇంజిన్, 145 హార్స్‌పవర్, షోరూమ్ ధర 10 లక్షల లోపే. అంత జోరు ఆ ధరకి ఇంకెవరూ ఇవ్వలేదు. కుర్రాళ్ళు దాని వెంటపడటంలో తప్పులేదు. కానీ వచ్చింది 5 గేర్ల మాన్యువల్ ఒక్కటే. ఆటోమేటిక్ ఇక్కడ ఎప్పుడూ అమ్మలేదు.

అదే ఏడాది ఆగస్టులో అబార్త్ 595 కూడా వచ్చింది. అందులో అదే కుటుంబానికి చెందిన 1.4 టర్బో ఇంజిన్‌తో పాటు తనంతట తాను గేరు మార్చే ఏఎంటీ ఉంది. "అయితే అది తీసి ఇందులో పెడదాం" అనే ఆలోచన రావడం సహజం. కానీ ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే నూనె పంపు, వాల్వులు, గేర్లు లాగే చేతులు, సెన్సర్లు, సొంత కంప్యూటర్ తగిలించిన ఏర్పాటు. వాటన్నిటినీ పుంటో ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడించాలి. పైగా 595 ధర అప్పట్లోనే 30 లక్షలకి దగ్గర. రోడ్డు మీద ఉన్నవే కొన్ని, వాటి పార్టులు రాణిగంజ్‌లో వరసగా పేర్చి ఉండవు. విదేశం నుంచి తెప్పిస్తే, అక్కడి కార్లకి స్టీరింగ్ ఎడమవైపు ఉంటే పెడళ్ళ దగ్గర మళ్ళీ చిక్కు.

అన్ని కార్లకీ ఇంత ఇబ్బంది లేదు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 2021లో వచ్చినప్పుడే 7 గేర్ల డీసీటీతో కూడా అమ్మారు. పోలో జీటీలో పెట్రోల్ టీఎస్ఐకి 7 గేర్ల డీఎస్‌జీ ఉండేది, డీజిల్ టీడీఐ మాన్యువల్. ఇలాంటివాటిలో మార్పిడి కంటే తేలికైన దారి ఒకటుంది. మీది అమ్మేసి ఆటోమేటిక్‌దే కొనుక్కోవడం.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు అంటుంది అది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ కేసు ఒకదానిలో ఈ సెక్షన్‌ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చట్టానికి సవరణ వచ్చి 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. శిక్ష షెడ్డువాడికి కాదు, యజమానికి అన్నది గమనించాలి.

"ఆర్సీలో గేర్‌బాక్స్ కాలమ్ ఎక్కడుంది భాయ్?" అని కొందరు వాదిస్తారు. నిజమే, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉన్నట్టు గేర్‌బాక్స్‌కి ప్రత్యేకంగా గడి లేదు. కానీ మోడల్ పేరు ఉంది, ఖాళీ బండి బరువు ఉంది. ఆ వాదన చెక్‌పోస్టు దగ్గర పనికొస్తుందేమో గానీ, యాక్సిడెంట్ తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు దాన్ని నమ్ముకుని నిలబడమని ఎవరికీ చెప్పలేను.

ఇక మొదట చెప్పిన ఆ దారి. శారీరక వైకల్యం ఉన్న వ్యక్తి కోసం, రిజిస్టరింగ్ అధికారి ఆమోదంతో బండిని 'అడాప్టెడ్ వెహికల్'గా మార్చుకోవడానికి అదే 52వ సెక్షన్ అవకాశం ఇస్తుంది. మన ప్రాంతం వాళ్ళకి ఆ పని ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసులో. ఒక షరతు ఉంది. బండి ఆ వ్యక్తి నడపడానికి గానీ, ఆ వ్యక్తి కోసం గానీ మాత్రమే వాడాలి. అబ్బాని కూర్చోబెట్టుకుని కొడుకు నడిపితే ఇబ్బంది లేదు. కొడుకు సెలవుల్లో వచ్చి దోస్తులతో నాగార్జున సాగర్ వెళ్ళడానికి మాత్రం కాదు.

ఇలాంటి ఇళ్ళకి గేర్‌బాక్స్ మొత్తం పీకే పని కూడా అక్కర్లేదు. ఆటో క్లచ్ కిట్ చాలు. గేర్ రాడ్డు మీద చెయ్యి పడగానే సెన్సర్ కనిపెట్టి చిన్న మోటారుతో క్లచ్‌ని లాగుతుంది. గేరు మనమే వేయాలి, ఎడమ కాలికి మాత్రం పని ఉండదు. హ్యుందాయ్ 2020లో వెన్యూలో పెట్టిన ఐఎంటీ కూడా ఇదే ఆలోచన, కంపెనీ నుంచే వచ్చింది. పుణె ఏఆర్ఏఐ లాంటి టెస్టింగ్ సంస్థ ఆమోదం ఉన్న కిట్టే తీసుకోండి. ఆ సర్టిఫికెట్ మీ కారు మోడల్‌కి వర్తిస్తుందో లేదో బిల్లు కట్టే ముందే చూడండి. నడిపే వ్యక్తి లైసెన్స్‌లో కూడా అడాప్టెడ్ వెహికల్ అని నమోదు కావాలి.

కారు మీద లోన్ ఉంటే ఫైనాన్స్ ఇచ్చినవాళ్ళ రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి. నోటి మాట పనికిరాదు.

లెక్క వేసి చూస్తే

కామర్స్ చదివినవాణ్ణి, లెక్క లేకుండా ఊరుకోలేను. ఉదాహరణకి మీ కారు బజారులో 5 లక్షలు పలుకుతుంది, మార్పిడికి 2 లక్షలు అవుతుంది అనుకుందాం. చేయించాక దాని ధర 7 లక్షలు కాదు. కంపెనీ తయారీ కాని గేర్‌బాక్స్ చూసి కొనేవాడు భయపడతాడు, 5 కూడా రాకపోవచ్చు. అదే 7 లక్షలు పెడితే కంపెనీ నుంచే వచ్చిన సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ దొరుకుతుంది. దాని కాగితాలకి ఏ చిక్కూ ఉండదు.

ఇన్సూరెన్స్‌లో కూడా ఇదే సంగతి. బండి విలువని, అంటే ఐడీవీని, కంపెనీ ధరలోంచి వయసుని బట్టి కోత వేసి కడతారు. ఏడాది దాటితే 20 శాతం, నాలుగేళ్ళు దాటితే 50 శాతం, ఐదేళ్ళు దాటాక ఇద్దరూ మాట్లాడుకున్న విలువ. మీరు పెట్టిన 2 లక్షలు అందులోకి తనంతట తాను రావు. మార్పు సంగతి చెప్పకుండా దాచితే సొంత డ్యామేజీ క్లెయిమ్ ఆపడానికి వాళ్ళకి కారణం మనమే చేతికి ఇచ్చినట్టు. ఆర్టీఏ ఆమోదం రాగానే దాని కాపీతో ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి, పాలసీ మీద ఎండార్స్‌మెంట్ వేయించుకోండి.

గల్ఫ్‌లో ఉన్న పిల్లల గురించి ఒక చిన్న మాట. యూఏఈలో ఆటోమేటిక్ లైసెన్స్ తీసుకున్నవాళ్ళు అక్కడ మాన్యువల్ నడపకూడదు. మన దగ్గర ఎల్ఎంవీ లైసెన్స్‌కి అలాంటి తేడా లేదు. అందువల్ల సెలవుల్లో వచ్చిన అబ్బాయికి ఇక్కడి లైసెన్స్ ఉంటే క్లచ్ కారు నడపడానికి కాగితం అడ్డు రాదు. పదేళ్ళు క్లచ్ తొక్కని కాలుతో నేరుగా రింగ్ రోడ్డు ఎక్కకుండా, ముందు శుక్రవారం పొద్దున ఖాళీ రోడ్డు మీద రెండు రౌండ్లు వేస్తే మంచిది.

అయినా చేయిస్తాం అనుకుంటే, పాత గేర్‌బాక్స్ ఏ కారు నుంచి వచ్చిందో ఆ బండి నంబరుతో బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనంటే అది దొంగ సరుకు కావచ్చు. మీ పాత గేర్‌బాక్స్, క్లచ్ పెడల్, వైరింగ్ షెడ్డులో వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చి పెట్టుకోండి. ఆమోదం రాకపోతే బండిని మళ్ళీ మాన్యువల్ చేయడానికి అవే కావాలి. బండి తీసుకునే రోజు డ్రైవ్‌లో పెట్టి తాళం తిప్పి చూడండి, స్టార్ట్ కాకూడదు. రివర్స్ వేస్తే వెనక లైటు వెలగాలి. ఏటవాలు చోట పార్క్‌లో ఆపి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా వదిలి, బండి జారుతుందేమో ఒక నిమిషం చూసి అప్పుడు మిగతా డబ్బు ఇవ్వండి.