కుటుంబ ఛాయాచిత్రాలకు తొలి డీఎస్ఎల్ఆర్: బాడీ కంటే లెన్స్‌కే ప్రాధాన్యం ఎందుకు?

ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడో, అన్నప్రాశన, అక్షరాభ్యాసం వంటి శుభకార్యాలు దగ్గరపడినప్పుడో మంచి కెమెరా కొనాలన్న ఆలోచన చాలా కుటుంబాల్లో మొదలవుతుంది. దుకాణంలో చర్చ మాత్రం ఎక్కువగా మెగాపిక్సెళ్లు, బాడీ మోడళ్ల చుట్టూనే తిరుగుతుంది. పట్టపగలు ఆరుబయట ఏ కెమెరాతోనైనా, నేటి మొబైల్ ఫోన్‌తోనైనా చక్కని చిత్రం వస్తుంది. ఇంటిలోపలి తక్కువ వెలుతురులో, ఒక్క క్షణం కుదురుగా ఉండని పిల్లలను చిత్రించేటప్పుడే అసలు పరీక్ష ఎదురవుతుంది. ఆ పరీక్షలో నెగ్గేదీ ఓడేదీ ప్రధానంగా లెన్స్‌ను బట్టి ఉంటుంది. మళ్లీ రాని సందర్భాల కోసం చేసే ఖర్చు కనుక, దానిని ఎక్కడ వెచ్చించాలో ముందే తెలుసుకోవడం అవసరం.

డీఎస్ఎల్ఆర్ అంటే ఏమిటి?

డిజిటల్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అన్న పేరుకు సంక్షిప్త రూపమే డీఎస్ఎల్ఆర్. లెన్స్ ద్వారా లోపలికి వచ్చిన కాంతిని ఏటవాలుగా అమర్చిన అద్దం పైకి మళ్లించి, వ్యూఫైండర్ ద్వారా కంటికి చేరుస్తుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి, షట్టర్ తెరుచుకుని, కాంతి సెన్సర్‌పై పడుతుంది. చూసేందుకు, చిత్రీకరించేందుకు ఒకే లెన్స్ ఉపయోగపడటం, అవసరాన్ని బట్టి లెన్స్‌ను మార్చుకునే వీలుండటం దీని ప్రత్యేకతలు. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ అద్దం ఉండదు. సెన్సర్ అందుకున్న దృశ్యాన్నే తెరపై గానీ, ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో గానీ చూపిస్తాయి.

ఇప్పుడు కొనడం సమంజసమేనా?

కెమెరా పరిశ్రమ కొన్నేళ్లుగా మిర్రర్‌లెస్ వైపు మళ్లింది. కానన్, నికాన్ సంస్థలు 2018లో తమ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ శ్రేణులను కొత్త మౌంట్‌లతో ప్రారంభించాయి. ఈ రెండు సంస్థల అగ్రశ్రేణి డీఎస్ఎల్ఆర్‌లైన ఈఓఎస్ 1డీఎక్స్ మార్క్ 3, డీ6 వచ్చినది 2020లో. కనుక డీఎస్ఎల్ఆర్ కొనేవారు భవిష్యత్తులో కొత్త మోడళ్లు వస్తాయని ఆశించరాదు.

అయినప్పటికీ పరిమిత బడ్జెట్ గల కుటుంబానికి డీఎస్ఎల్ఆర్ ఇప్పటికీ మంచి ఎంపికే. వాడిన బాడీలు, లెన్స్‌లు విరివిగా, చవకగా దొరుకుతాయి. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి, కానన్ ఈఎఫ్ మౌంట్ 1987 నుంచి వాడుకలో ఉన్నందున లెన్స్‌ల ఎంపిక విస్తృతం. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. కానన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్స్‌లను ఆ సంస్థ అడాప్టర్ సాయంతో తర్వాత కొనే ఆర్ శ్రేణి మిర్రర్‌లెస్ కెమెరాలపైనా ఆటోఫోకస్‌తో వాడుకోవచ్చు. అంటే లెన్స్‌పై పెట్టిన డబ్బు వృథా కాదు.

కదిలే పిల్లల కళ్లను గుర్తించి ఫోకస్‌ను వాటిపైనే నిలిపే సౌలభ్యం కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో మెరుగ్గా ఉంటుంది. పూర్తిగా కొత్త కెమెరానే కొనదలచి, బడ్జెట్ కూడా అనుకూలిస్తే వాటినీ పోల్చి చూడటం మేలు. లెన్స్ గురించి కింద చెప్పిన సూత్రాలు రెండింటికీ వర్తిస్తాయి.

మెగాపిక్సెళ్లు ఎన్ని కావాలి?

అంగుళానికి 300 చుక్కల చొప్పున 8x10 అంగుళాల ముద్రణకు సుమారు 7 మెగాపిక్సెళ్లు చాలు. పెళ్లి ఆల్బమ్‌లలో కనిపించే 12x18 అంగుళాల పుటకు సైతం 20 మెగాపిక్సెళ్ల లోపే సరిపోతాయి. కానన్ 1500డీ, 200డీ మార్క్ 2, నికాన్ డీ3500, డీ5600 వంటి ప్రారంభ స్థాయి బాడీలన్నీ 24 మెగాపిక్సెళ్లవే. కనుక ఈ అంకె ఆధారంగా ఎక్కువ ధర చెల్లించడంలో అర్థం లేదు.

ఈ బాడీలన్నింటిలో ఉండేది ఏపీఎస్-సీ సెన్సర్. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36x24 మి.మీ. కాగా, నికాన్ ఏపీఎస్-సీ సుమారు 23.5x15.6 మి.మీ., కానన్‌ది సుమారు 22.3x14.9 మి.మీ. సెన్సర్ చిన్నది కావడంతో లెన్స్ చూపే దృశ్యంలో మధ్యభాగమే నమోదవుతుంది. లెన్స్ ఎంపికలో ఈ తేడా కీలకమవుతుంది.

కిట్ లెన్స్ ఎక్కడ తడబడుతుంది?

బాడీతో పాటు ఇచ్చే 18-55 మి.మీ. జూమ్‌ను కిట్ లెన్స్ అంటారు. వెడల్పు దృశ్యాలకు, పగటి విహారాలకు అది పనికొస్తుంది. అయితే దాని గరిష్ఠ అపెర్చర్ 18 మి.మీ. వద్ద ఎఫ్/3.5 లేదా ఎఫ్/4, 55 మి.మీ. వద్ద ఎఫ్/5.6 మాత్రమే. అపెర్చర్ అంటే లెన్స్‌లో కాంతి ప్రవేశించే ద్వారం. దాని అంకె ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 వద్ద సెన్సర్‌పై పడే కాంతి దాదాపు 10 రెట్లు ఎక్కువ.

దీని ప్రభావం షట్టర్ స్పీడ్‌పై పడుతుంది. ఐఎస్ఓ 1600 పెట్టినా, సాధారణ ఇంటి దీపాల వెలుతురులో ఎఫ్/5.6 వద్ద సుమారు 1/30 సెకను అవసరమవుతుంది. అంతసేపు కదలకుండా ఉండటం పిల్లల వల్ల కాదు. అదే వెలుతురులో ఎఫ్/1.8 వద్ద 1/250 సెకనుకు పైగా వేగం సాధ్యమవుతుంది. ఆడుకునే పిల్లలకు కనీసం కావలసిన వేగం అదే.

కిట్ లెన్స్‌పై ఉండే ఐఎస్ లేదా వీఆర్ అన్న గుర్తు చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటును సూచిస్తుంది. నిద్రిస్తున్న శిశువును చిత్రించేటప్పుడు అది ఉపకరిస్తుంది. పరుగెత్తే చిన్నారి కదలికను మాత్రం అది ఆపలేదు.

గది కొలతే ప్రమాణం

కిట్ లెన్స్ తర్వాత 50 మి.మీ. ఎఫ్/1.8 కొనమన్నది తరచూ వినిపించే సలహా. ఫిల్మ్ కాలంలో, ఫుల్‌ఫ్రేమ్‌పై అది సముచితమే. ఏపీఎస్-సీ బాడీపై మాత్రం ఆ లెన్స్ నికాన్‌లో 75 మి.మీ., కానన్‌లో 80 మి.మీ. లెన్స్‌తో సమానమైన ఇరుకు దృశ్యాన్ని ఇస్తుంది. మన ఇళ్లలో పడకగది, హాలు ఎంత ఉంటాయో ఆలోచిస్తే సమస్య బోధపడుతుంది. అడ్డంగా పట్టుకున్న ఏపీఎస్-సీ కెమెరాతో 10 అడుగుల దూరం నుంచి చిత్రంలో పట్టే వెడల్పు సుమారుగా ఇలా ఉంటుంది:

- 50 మి.మీ.: నాలుగున్నర అడుగులు. ఒకరు లేదా ఇద్దరు.
- 35 మి.మీ.: ఆరున్నర అడుగులు. తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు.
- 24 మి.మీ.: తొమ్మిది అడుగులకు పైగా. సోఫాపై కూర్చున్న కుటుంబమంతా.
- 18 మి.మీ.: దాదాపు 13 అడుగులు. పీటల చుట్టూ చేరిన బంధువులతో సహా.

10 అడుగులు వెనక్కి జరగడానికి చోటు లేని గదిలో ఈ వెడల్పులు ఇంకా తగ్గుతాయి. అందువల్ల ఇంటిలోపలి చిత్రాలే ముఖ్యమైతే నికాన్ వాడుకరులకు ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్/1.8జీ తొలి ప్రైమ్ లెన్స్‌గా చక్కగా సరిపోతుంది. కానన్‌లో ఈఎఫ్-ఎస్ 24 మి.మీ. ఎఫ్/2.8 ఎస్‌టీఎం ఇరుకు గదులకు అనువైనది. అయితే ఎఫ్/1.8తో పోలిస్తే ఇది ఇచ్చే కాంతి సగం కంటే తక్కువ. ఒకరి ముఖాన్నే దగ్గరగా చూపే చిత్రాలు, వేదికకు కాస్త దూరం నుంచి తీసేవి ఎక్కువైతే ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం మేలు.

ఏది తగునో తేల్చుకునేందుకు ఖర్చులేని మార్గం ఒకటుంది. కిట్ లెన్స్‌ను 24 మి.మీ. వద్ద ఒక రోజు, 35 వద్ద ఒక రోజు, 50 వద్ద మరో రోజు కదపకుండా ఉంచి ఇంట్లో చిత్రాలు తీయాలి. ఏ రోజు వెనుక గోడ అడ్డు రాలేదో ఆ కొలత గల లెన్స్‌నే కొనాలి.

పాఠశాల ఆటల పోటీలు, వార్షికోత్సవాల కోసం 55-250 మి.మీ. లేదా 70-300 మి.మీ. వంటి టెలీ జూమ్ అవసరం కావచ్చు. అది రెండో దశ కొనుగోలు. ఆరుబయట పగటి వెలుతురులో బాగా పనిచేస్తుంది. మసక వెలుతురు గల సభాభవనంలో దీనికీ కిట్ లెన్స్ ఇబ్బందే ఎదురవుతుంది.

బాడీకి, లెన్స్‌కు పొందిక

చవకగా దొరికిందని లెన్స్ కొనేముందు పొందికను సరిచూసుకోవాలి. నికాన్ డీ3000, డీ5000 శ్రేణుల బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ గుర్తు గల లెన్స్‌లతోనే వాటిపై ఆటోఫోకస్ పనిచేస్తుంది. ఏఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8డీ వంటి పాత లెన్స్‌ను అమర్చితే చేతితో ఫోకస్ చేయాల్సిందే. డీ7200, డీ7500 వంటి బాడీల్లో ఆ మోటార్ ఉంటుంది. ఇక ఏఎఫ్-పీ లెన్స్‌లు కొన్ని పాత నికాన్ బాడీలపై ఫోకస్ చేయవు.

కానన్ ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్‌లపై ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ రెండూ పనిచేస్తాయి. ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లపై మాత్రం ఈఎఫ్-ఎస్ అమరదు.

బాడీ విషయానికొస్తే, తిరిగే టచ్‌స్క్రీన్ కుటుంబ అవసరాలకు ఎంతో సౌకర్యం. నేలపై పాకే శిశువు కంటి ఎత్తులో కెమెరా ఉంచి చిత్రం తీయవచ్చు. డీ5600, 200డీ మార్క్ 2లలో ఇది ఉంది. డీ3500, 1500డీలలో లేదు. వీడియోలు ఎక్కువగా తీసేవారికి 200డీ మార్క్ 2లోని డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ అదనపు ప్రయోజనం.

వాడిన కెమెరా కొనేటప్పుడు

- షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో అడగాలి. ప్రారంభ స్థాయి బాడీల షట్టర్లు సాధారణంగా లక్ష వరకు క్లిక్కులకు రూపొందినవి.
- ఎఫ్/16 వద్ద తెల్ల గోడను చిత్రించి, పెద్దదిగా చేసి చూడాలి. నల్లని మచ్చలు కనిపిస్తే సెన్సర్‌పై ధూళి ఉన్నట్లు. శుభ్రం చేసినా పోని గీతలుంటే వదిలేయాలి.
- లెన్స్ వెనుక నుంచి టార్చి వెలుగు ప్రసరింపజేసి చూడాలి. సాలెగూడు లాంటి పోగులు ఫంగస్‌కు సూచన.
- జూమ్‌ను అటూ ఇటూ తిప్పి, దగ్గరి, దూరపు వస్తువులపై ఆటోఫోకస్‌ను పరీక్షించాలి.
- బిల్లుపై ఉన్న క్రమసంఖ్య, బాడీపై ఉన్న క్రమసంఖ్య ఒకటేనని నిర్ధారించుకోవాలి.

కొత్త కెమెరాకైనా జీఎస్టీ బిల్లు, భారతదేశంలో చెల్లే వారంటీ తప్పనిసరి. బిల్లు లేకుండా తగ్గింపు ధరకు అమ్మే విదేశీ సరుకుకు మరమ్మతు సమయంలో ఇబ్బంది ఎదురుకావచ్చు.

పెద్ద అపెర్చర్‌తో జాగ్రత్తలు

ఎఫ్/1.8 వద్ద ఫోకస్ లోతు స్వల్పం. 35 మి.మీ. లెన్స్‌తో 10 అడుగుల దూరంలో స్పష్టంగా కనిపించే మేర రెండు అడుగుల లోపే. ముందు వరుసలో కూర్చున్న తాతయ్య, నానమ్మ స్పష్టంగా ఉండి, వెనుక నిలబడినవారు మసకబారవచ్చు. ఎఫ్/5.6 వద్ద ఆ మేర సుమారు ఆరు అడుగులకు పెరుగుతుంది. కనుక బృంద చిత్రాలను కిటికీ, వరండా వెలుతురులో ఎఫ్/5.6 వద్ద తీయడం శ్రేయస్కరం. రాత్రివేళ అయితే ఫ్లాష్‌ను నేరుగా ముఖాలపై కాకుండా తెల్లని సీలింగ్ వైపు తిప్పగల విడి ఫ్లాష్ ఉపకరిస్తుంది.

మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కావడంతో కొన్ని ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. 1/250 వంటి వేగాల వద్ద వరుస చిత్రాల్లో వెలుతురు, రంగు మారుతున్నట్లు గమనిస్తే కారణం ఇదే. కదలిక తక్కువైతే 1/100 సెకనుకు తగ్గించాలి. లేదంటే వరుసగా నాలుగైదు చిత్రాలు తీసి, బాగా వచ్చినదాన్ని ఉంచుకోవాలి.

తేమ, నిల్వ

విశాఖపట్నం, చెన్నై, ముంబయి వంటి తీరనగరాల్లోనూ, వర్షకాలంలో అన్నిచోట్లా లెన్స్‌కు ప్రధాన శత్రువు తేమ. తోలు సంచిలో పెట్టి నెలల తరబడి బీరువాలో దాచితే ఫంగస్ పట్టే ప్రమాదం ఎక్కువ. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు చిన్న తేమ కొలమానిని ఉంచి, సాపేక్ష తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలపాలి. తరచూ బయటకు తీసి వాడటం కూడా రక్షణే.

24 మెగాపిక్సెళ్ల జేపెగ్ చిత్రం సుమారు 10 ఎంబీ ఉంటుంది. 64 జీబీ కార్డులో దాదాపు 6 వేల చిత్రాలు పడతాయి. కార్డును శాశ్వత భాండాగారంగా భావించరాదు. ఒక ప్రతి కంప్యూటర్‌లో, మరొకటి విడి హార్డ్‌డిస్క్‌లో, వీలైతే ఇంకొకటి వేరే ఊళ్లోని బంధువుల వద్ద లేదా క్లౌడ్‌లో ఉంచాలి. ఏటా కొన్ని చిత్రాలను ముద్రించి ఆల్బమ్‌లో చేర్చడం పెద్దలకూ చూసే అవకాశమిస్తుంది.

కొనుగోలు క్రమం

- మొదట: మంచి స్థితిలో ఉన్న ప్రారంభ స్థాయి బాడీ, 18-55 కిట్ లెన్స్, అదనపు బ్యాటరీ, తేమను అరికట్టే డబ్బా.
- నెల రోజుల వాడకం తర్వాత: గది కొలతకు తగిన 24, 35 లేదా 50 మి.మీ. ప్రైమ్ లెన్స్.
- ఆ తర్వాత, అవసరమైతేనే: విడి ఫ్లాష్, టెలీ జూమ్.

ఖరీదైన బాడీని కిట్ లెన్స్‌తో కొని బడ్జెట్ ముగించడం కంటే, సాధారణ బాడీకి తగిన ప్రైమ్ లెన్స్ జతచేయడం కుటుంబ ఛాయాచిత్రాలకు ఎక్కువ ఫలితాన్నిస్తుంది. శుభకార్యానికి కనీసం నెల ముందే కెమెరా చేతికి వస్తే, ముహూర్తం వేళకు దాని అమరికలపై పట్టు చిక్కుతుంది.